గోడల మధ్య ఉన్నదానికి బీమా ఉందా?

2021 మే నెలాఖరు. యాస్ తుఫాను 26వ తేదీన ఒడిశాలో బాలేశ్వర్ దగ్గర తీరం దాటింది. సముద్రానికి ఇంత దూరాన ఉన్న జంషెడ్‌పూర్‌కి తుఫానుతో పనేముంది అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. రెండు రోజులు ఎడతెరిపి లేని వాన కురిసింది. ఒకపక్క సువర్ణరేఖ, మరోపక్క మయూర్‌భంజ్ వైపు నుంచి వచ్చే ఖర్కాయి, రెండూ ప్రమాద సూచిక దాటాయి. నదుల ఒడ్డున ఉన్న పల్లపు వీధుల్లోకి నీళ్లు వచ్చాయి.

వారం తర్వాత శాఖకు ఒక పెద్దాయన వచ్చారు. చిన్న వయసులో శ్రీకాకుళం జిల్లా నుంచి ఉద్యోగానికి ఈ ఊరొచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. గృహరుణం మా దగ్గరే. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో తడిసి ఆరిన పాలసీ కాగితం.

"ఇన్సూరెన్సు ఉందన్నారు కద బాబూ, ఎంతొస్తాది?" అని అడిగారు.

ఇంట్లోకి నడుం లోతు నీళ్లు వచ్చాయట. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, పరుపులు, బీరువా కింది అరల్లో బట్టలు, కోడలి కుట్టు మిషను, మనవడి ఆన్‌లైన్ చదువు కోసం అప్పు చేసి కొన్న కంప్యూటర్ అన్నీ పోయాయి. ఇల్లు మాత్రం గట్టిది. కింది భాగంలో ప్లాస్టరింగ్ ఉబ్బింది, వైరింగ్ కొంత పాడైంది. అంతే.

పాలసీ తీసి చదివాను. 'భవనం మాత్రమే' అని ఉంది. బీమా మొత్తం సరిగ్గా మేమిచ్చిన రుణమంత.

"బాబాయి గారూ, ఇది ఇంటికే అండీ. ఇంట్లో సామానుకి కాదు" అన్నాను.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "గోడలు నిలబడే ఉన్నాయి బాబూ. పోయిందంతా గోడల మధ్య ఉన్నదే" అని లేచారు.

ఆయన వెళ్లాక ఫైలు తెప్పించుకుని చూశాను. బీమా ప్రతిపాదన పత్రం మీద బ్యాంకు తరఫున సంతకం నాదే. "సామాను కూడా చేర్చమంటారా?" అన్న ఒక్క ప్రశ్న ఆ రోజు నేను అడగలేదు. అడిగి ఉంటే ఏడాదికి మరికొన్ని వందల రూపాయలతో పోయేది. ప్లాస్టరింగుకీ వైరింగుకీ కొంత డబ్బు వచ్చింది. మిగతాదంతా ఆయన పింఛను నుంచే పెట్టుకున్నారు.

ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న గురించే. ఇంటి బీమాను ఎలా ఎంచుకోవాలి, నాలుగు చోట్ల విచారించేటప్పుడు ఏమేమి పోల్చి చూడాలి అన్నది నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. మీకు ఆ ఆలస్యం అక్కర్లేదని రాస్తున్నాను.

ముందు నా ఇంటి సంగతి

ఆ సాయంత్రం నా పాలసీలు వెతికాను. విశాఖలో స్టాఫ్ హౌసింగ్ లోన్‌తో కొన్న ఫ్లాటు ఉంది, అద్దెకిచ్చాను. బదిలీ మీద వచ్చి ఇక్కడ సోనారీలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మనలో చాలామంది పరిస్థితి ఇదే కదా: సొంతిల్లు ఒక ఊళ్లో, సామాను మరో ఊళ్లో.

విశాఖ ఫ్లాటు పాలసీ కూడా రుణం మొత్తానికే ఉంది, భవనానికి మాత్రమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ ఫ్లాటు కిటికీ అద్దాలు పగిలి, గదుల్లోకి వాన కొట్టింది. బాగుచేయించడానికి చేతి డబ్బే పెట్టాను. బీమా ఉందేమో చూద్దామని నాకు తోచనే లేదు. ప్రీమియం ఏటా ఖాతా నుంచి కట్టవుతూనే ఉంది. ఇక జంషెడ్‌పూర్‌లో ఉన్న మా సామానుకి ఎలాంటి బీమా లేదు. కౌంటరుకి ఈవల కూర్చుని పాలసీలు ఇచ్చే నేను, అవతల నిలబడ్డ ఖాతాదారు కంటే ఏమీ మెరుగు కాదని తేలింది.

చిత్రమేమంటే ఈ ఊరికీ మన దేశంలో సాధారణ బీమాకీ పాత చుట్టరికం ఉంది. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్‌చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. అదే సంవత్సరం జూలైలో జంషెడ్‌జీ పెద్ద కొడుకు సర్ దొరాబ్జీ టాటా బొంబాయిలో న్యూ ఇండియా అష్యూరెన్స్ స్థాపించారు. 1973లో సాధారణ బీమా జాతీయమయ్యాక అది నాలుగు ప్రభుత్వ కంపెనీల్లో ఒకటైంది. నూరేళ్లు దాటినా ఇంటి బీమా మాత్రం మనవాళ్లకు అలవాటు కాలేదు. స్కూటరుకి తప్పనిసరి గనుక చేయిస్తాం. ఇంటికి అడిగేవాడు లేడు గనుక వదిలేస్తాం.

మొదటి మెట్టు: మీది ఏమిటో తేల్చుకోండి

కంపెనీలను పోల్చే ముందు మన ఇంటిని మనం చదువుకోవాలి. ఇంటి బీమాలో రెండు వేర్వేరు వస్తువులుంటాయి. ఒకటి భవనం: గోడలు, కప్పు, తలుపులు, బిగించిన ఫిట్టింగులు. రెండోది సామాను: ఇంటిని తలకిందులు చేస్తే కిందపడేవన్నీ అనుకోండి.

సొంతిల్లు ఉండి అందులోనే ఉంటే రెండూ మీవే. అద్దెకిచ్చిన ఫ్లాటులో భవనం మీది, సామాను అద్దెదారుది. అద్దెకుంటున్న చోట భవనం యజమానిది, సామాను మీది. బ్యాంకు క్వార్టరులో, లీజు ఇంట్లో ఉన్నా అంతే. జంషెడ్‌పూర్‌లో కంపెనీ క్వార్టర్లలో కాపురముంటున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. "ఇల్లు కంపెనీది, మాకెందుకు బీమా?" అనేది ఇక్కడ తరచుగా వినే మాట. ఇల్లు కంపెనీదే, ఫ్రిజ్ కంపెనీది కాదు కదా. సామానుకి మాత్రమే విడిగా పాలసీ తీసుకోవచ్చని చాలామందికి తెలియదు.

ఇంకో గందరగోళం కూడా ఉంది. "రుణం తీసుకున్నప్పుడే ఇన్సూరెన్సు కట్టానండీ" అని ఖాతాదారులు అంటుంటారు. విప్పి చూస్తే అది రుణగ్రహీత మరణిస్తే బాకీ తీర్చే జీవిత బీమా. ఒకేసారి వేలల్లో ప్రీమియం కడతారు గనుక బాగా గుర్తుంటుంది. వరదొస్తే దాని నుంచి రూపాయి రాదు. మీ ఫైలులో ఉన్నది ఏ బీమానో ముందు చూసుకోండి.

రెండో మెట్టు: ఎంతకు?

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. అటు ఎక్కువకీ చేస్తారు, ఇటు తక్కువకీ చేస్తారు.

భవనానికి బీమా మొత్తం మార్కెట్ ధర కాదు, రుణం మొత్తమూ కాదు. ఆ ఇంటిని ఈ రోజు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు. భూమి వరదకు కొట్టుకుపోదు, నిప్పుకి కాలదు. అందుకే భూమి విలువ ఈ లెక్కలోకి రాదు. టాటా లీజు భూమిలో ఇల్లున్నవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది, బీమా చేసేది కట్టడానికే.

నా లెక్క చెబుతాను. విశాఖ ఫ్లాటు కార్పెట్ ఏరియా 950 చదరపు అడుగులు. చదరపు అడుగుకి నిర్మాణ ఖర్చు 2,200 రూపాయలు వేసుకుంటే 20.90 లక్షలు. అమ్మితే 65 లక్షలు వస్తుందని బ్రోకరు అంటున్నాడు. పాలసీలో ఉన్నది నేను తీసుకున్న రుణం, 16 లక్షలు. 65 లక్షలకు చేయిస్తే ప్రీమియం దండగ, ఎందుకంటే కంపెనీ ఇచ్చేది కట్టడం ఖర్చే. 16 లక్షలే ఉంచితే పెద్ద నష్టం వచ్చినప్పుడు దాదాపు 5 లక్షలు నా జేబు నుంచి పోతాయి.

పాత అగ్ని బీమా పాలసీల్లో తక్కువకు చేయిస్తే ఇంకో దెబ్బ కూడా ఉండేది. 10 లక్షల ఆస్తికి 5 లక్షలకే బీమా చేయించి, 2 లక్షల నష్టం వచ్చిందనుకోండి. సగానికే బీమా చేశారు గనుక సగమే, అంటే లక్షే ఇచ్చేవారు. దీన్ని సగటు నిబంధన అంటారు. ఇప్పుడు ఇళ్లకు ఇచ్చే ప్రామాణిక పాలసీలో దీన్ని తీసేశారు. ఆ సంగతి కింద చెబుతాను.

సామాను లెక్క ఇంకా ఆశ్చర్యం కలిగించింది. "మన దగ్గర ఏముందిలే, రెండు లక్షలుంటుంది" అనుకున్నాను. మా ఆవిడ, నేను ఒక ఆదివారం కాగితం పట్టుకుని గది గదికీ తిరిగాం. పాత వస్తువు ఇప్పుడెంతకు పోతుంది అని కాదు, పోతే కొత్తది కొనడానికి ఎంతవుతుంది అని రాశాం. ఫ్రిజ్ 35 వేలు, వాషింగ్ మెషీన్ 28, టీవీ 45, రెండు ఏసీలు 80, రెండు ల్యాప్‌టాప్‌లు లక్షా పది, మంచాలు, సోఫా, డైనింగ్ టేబులు లక్షా అరవై, బీరువాలు 40, వంటింటి సామాను 62, బట్టలు 80 వేలు. మొత్తం 6 లక్షల 40 వేలు. మేమనుకున్నదానికి మూడు రెట్లకు పైనే. ఈ కాగితాన్నే క్లెయిమ్ సమయంలో సర్వేయరు కూడా అడుగుతాడు. రాసిన రోజే ప్రతి గదినీ ఫోనులో వీడియో తీసి, బిల్లుల ఫోటోలతో పాటు మెయిల్‌లో దాచుకున్నాం. బిల్లులు ఇంట్లోనే ఉంటే అవీ సామానుతోపాటే తడుస్తాయి.

మూడో మెట్టు: అందరి దగ్గరా ఒకేలా ఉండేది

2021 ఏప్రిల్ 1 నుంచి భీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇళ్ల కోసం ఒక ప్రామాణిక పాలసీ తెచ్చింది. పేరు 'భారత్ గృహ రక్ష'. అగ్ని బీమా వ్యాపారం చేసే ప్రతి సాధారణ బీమా కంపెనీ దీన్ని అమ్మాలి. షరతుల పాఠం అన్ని కంపెనీల్లోనూ ఒకటే. కొనేవాడికి ఇది పెద్ద సౌకర్యం, ఎందుకంటే ఈ భాగం వరకు ధరను, సేవను పోలిస్తే చాలు.

ఇందులో అగ్నిప్రమాదం, పేలుడు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరగడం, నేల కుంగడం, వాహనమో చెట్టో వచ్చి గుద్దడం, అల్లర్లు, ఉగ్రవాద చర్య, నీళ్ల ట్యాంకు లేదా పైపు పగలడం వంటివన్నీ ఉంటాయి. ముఖ్యమైన సదుపాయాలు ఇవి:

భవనం, సామాను రెంటికీ పాలసీ తీసుకుంటే, జాబితా ఇవ్వకుండానే భవనం బీమా మొత్తంలో 20 శాతం సామానుకి వస్తుంది, గరిష్ఠంగా 10 లక్షలు. అంతకు మించి కావాలంటే వివరాలిచ్చి పెంచుకోవచ్చు.

సగటు నిబంధన లేదు. లెక్కలో కాస్త తక్కువ పడ్డా బీమా మొత్తం వరకు అసలు నష్టం ఇస్తారు.

పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు. దీర్ఘకాల పాలసీలో భవనం బీమా మొత్తం అదనపు ప్రీమియం లేకుండా ఏటా 10 శాతం పెరుగుతుంది. మొదట తీసుకున్న మొత్తానికి రెట్టింపు దాటదు.

ఇల్లు ఉండడానికి పనికిరాకుండా పోతే, మరమ్మతు కాలంలో వేరే ఇంటి అద్దె గానీ, అద్దెకిచ్చిన ఇల్లయితే కోల్పోయిన అద్దె గానీ వస్తుంది. శిథిలాలు తీసేయడానికి క్లెయిములో 2 శాతం, ఆర్కిటెక్టు, ఇంజనీరు ఫీజులకు 5 శాతం వరకు ఇస్తారు.

నాలుగో మెట్టు: తేడా వచ్చేది ఇక్కడ

ప్రామాణిక పాలసీలో లేనిది ఏమిటో తెలిస్తేనే పోలిక మొదలవుతుంది. అన్నిటికంటే పెద్ద లోటు దొంగతనం. వరదో, నిప్పో వచ్చి, దాని కారణంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే అందులో చోటుంది. తాళం వేసి సంక్రాంతికి ఊరెళితే జరిగే దొంగతనానికి లేదు. ఏటా రైలెక్కి సొంతూరు వెళ్లే మనలాంటివాళ్లకు అసలు భయం అదే కదా. దానికి విడిగా బర్గ్లరీ కవర్ చేర్చుకోవాలి.

రెండోది విద్యుత్తు. షార్ట్ సర్క్యూట్ వల్ల టీవీ కాలి, ఆ మంట పరదాలకు, సోఫాకు పాకితే, పరదాలకు, సోఫాకు డబ్బు వస్తుంది. మంట పుట్టిన ఆ టీవీకి రాదు. మూడోది నగలు, వెండి, చిత్రపటాల వంటి విలువైనవి. వాటికి ముందే విలువ ఒప్పుకుని విడిగా చేర్చాలి. నగదు, వాహనాలు, షేర్ పత్రాల వంటివి సామాను కిందకు రావు.

నగలు లాకరులో ఉన్నాయి గదా అంటారేమో. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, బ్యాంకులో అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ లేదా సిబ్బంది మోసం వల్ల లాకరులో వస్తువులు పోతే మన బాధ్యత లాకరు వార్షిక అద్దెకు వంద రెట్ల వరకే. 3,000 అద్దెకు 3 లక్షలు. వరద, భూకంపం వంటి ప్రకృతి వైపరీత్యాలకు, బ్యాంకు నిర్లక్ష్యం లేనప్పుడు, అదీ లేదు. లాకరులోని వస్తువులకు మనం బీమా అమ్మకూడదు. కానీ ఖాతాదారు తన నగలకు బీమా కంపెనీ దగ్గర తీసుకోవచ్చు. అడిగినప్పుడు ఈ మాట చెప్పడం మన ధర్మం.

నా సామానుకి 2021 జూలైలో మూడు కంపెనీల నుంచి కొటేషన్లు తెప్పించాను. అన్నిట్లోనూ బీమా మొత్తం 6.40 లక్షలే. జీఎస్టీ కలిపి మొదటిది 480 రూపాయలు, రెండోది 1,350, మూడోది 2,100.

ప్రీమియం మాత్రమే చూస్తే మొదటిదే చవక. కాని అందులో దొంగతనం లేదు. రెండోదాంట్లో ఉంది, అయితే చిన్న అక్షరాల్లో ఒక పరిమితి: ఎంత పోయినా సామాను విలువలో 25 శాతం వరకే, అంటే లక్షా అరవై వేలు. మూడోదాంట్లో పూర్తి విలువకు దొంగతనం, లక్ష రూపాయల నగలు, ఎలక్ట్రానిక్ వస్తువుల చెడిపోవడం కూడా ఉన్నాయి. అయితే చెడిపోయే వస్తువుకి వయసు బట్టి తరుగుదల కోస్తారు. మా టీవీ వయసుకి చేతికి వచ్చేది తక్కువ. నగలు ఇంట్లో పెట్టుకోం. అక్కర్లేని రెంటికి డబ్బు కడుతున్నట్టు లెక్క తేలింది.

రెండో కంపెనీకి ఫోన్ చేసి దొంగతనం పరిమితిని 50 శాతం చేయగలరా అని అడిగాను. 1,620కి చేశారు. అదే తీసుకున్నాను. దొంగతనంలో మంచాలూ సోఫాలూ పోవు, పోయేవి ల్యాప్‌టాప్‌లూ టీవీలూ. వాటికి 50 శాతం సరిపోతుంది. అడిగితే మారుతుందని అప్పుడే తెలిసింది.

మీకు వచ్చే పోలిక నాది కాకపోవచ్చు. కాని ప్రశ్నలు అవే. ఏ కంపెనీనైనా ఇవి అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

1. దొంగతనానికి పరిమితి ఎంత? తలుపో తాళమో పగలగొట్టిన ఆనవాలు ఉండాలా? పనివాళ్లు చేసిన దొంగతనానికి వర్తిస్తుందా?

2. ఇల్లు వరుసగా ఎన్ని రోజులు తాళం వేసి ఉంటే కవర్ ఆగిపోతుంది? వేసవి సెలవులకు వెళ్లేవాళ్లకూ, పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లే పెద్దలకూ ఇది ప్రాణం వంటి ప్రశ్న.

3. సామానుకి కొత్త వస్తువు ధర ఇస్తారా, తరుగుదల కోస్తారా?

4. ప్రతి క్లెయిములో ముందుగా మనం భరించాల్సిన మొత్తం ఎంత?

5. దగ్గర్లో సర్వేయరు ఎక్కడున్నారు? మా ఊరికి ఎవరు వస్తారు?

6. బదిలీ అయితే పాలసీ కొత్త చిరునామాకి మారుతుందా? ఎలా తెలియజేయాలి?

ఆరో ప్రశ్న మనకు మరీ ముఖ్యం. పాలసీ ఒక చిరునామాకి రాస్తారు. సామాను లారీ ఎక్కాక ఆ పాలసీ దాని వెంట రాదు. దారిలో నష్టానికి రవాణా బీమా వేరే ఉంటుంది.

మన కౌంటరు దగ్గర

ఇప్పుడు మన వృత్తి సంగతి. రుణం ఫైలులో బీమా ఎందుకు అడుగుతాం? తనఖా కాపాడుకోవడానికి. పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటుంది, భవనం క్లెయిము మొదట బ్యాంకుకే వస్తుంది. ఇందులో తప్పు లేదు. అయితే బ్యాంకుకి సరిపోయే పాలసీ ఖాతాదారుకి సరిపోతుందని మనం అనుకుంటాం. ఆయనా అనుకుంటాడు. ఆ పెద్దాయన విషయంలో జరిగింది అదే.

2022 సవరణ తర్వాత ఒక కార్పొరేట్ ఏజెంటు తొమ్మిది సాధారణ బీమా కంపెనీల వరకు ఒప్పందం పెట్టుకోవచ్చు. అంతకుముందు మూడే. మన దగ్గరే తీసుకోవాలని ఖాతాదారును బలవంతం చేయకూడదు. బయట తెచ్చుకున్న పాలసీలో బ్యాంకు క్లాజు, తగిన మొత్తం ఉంటే అంగీకరించాలి. కమిషను మనకు వస్తుంది, నిజమే. కాని అవసరమైనది వదిలేసిన పాలసీ అమ్మి కమిషను తీసుకుంటే, వరద రోజున ఆ ఖాతాదారు మన కౌంటరు దగ్గరికే వస్తాడు.

మా శాఖలో రుణ పత్రాల జాబితాలో చేత్తో ఒక వరస చేర్చాను: 'సామాను బీమా వివరించబడింది: కావాలి / వద్దు', పక్కన ఖాతాదారు సంతకం. వద్దనే హక్కు వాళ్లకుంది. తెలియక వద్దనడం జరగకూడదు. నాలుగు నిమిషాల పని. రెండోది, పునరుద్ధరణ తేదీల జాబితా నెలకోసారి చూడడం. రుణం ఇరవై ఏళ్లకు, పాలసీ ఏడాదికి ఇచ్చి మరచిపోతే అంతకంటే ప్రమాదం లేదు.

ప్రభుత్వ సాయం ఉంటుంది గదా అన్న ప్రశ్న వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 ప్రకటించింది. ఆ సమయంలో అది పెద్ద ఊరటే. కాని మా 6.40 లక్షల కాగితం పక్కన పెట్టి చూస్తే ఫ్రిజ్ కూడా రాదు.

నష్టం జరిగిన రోజున

ముందు మనుషుల క్షేమం, కరెంటు మెయిన్ ఆపడం. తర్వాత కంపెనీకి ఫోను, మెయిలు. దొంగతనమైతే ఎఫ్‌ఐఆర్, అగ్నిప్రమాదమైతే ఫైర్ సర్వీసు నివేదిక. పాడైన వస్తువులను సర్వేయరు చూసేదాకా పారేయకండి. తప్పనిసరై తీసేయాల్సి వస్తే ముందు ఫోటోలు, వీడియో తీయండి. ఆ పెద్దాయన వీధిలో చాలామంది మూడో రోజుకే తడిసిన పరుపులు, బట్టలు వీధిలో పారబోశారు. బీమా ఉన్న ఒకరిద్దరికి కూడా చూపించడానికి ఏమీ మిగల్లేదు.

2024 నిబంధనల ప్రకారం క్లెయిము చెప్పిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. సర్వేయరు 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. జరగకపోతే మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, ఆ తర్వాత హైదరాబాదులోని ఐఆర్‌డీఏఐ నడిపే 'బీమా భరోసా' పోర్టల్‌కు లేదా 155255 నంబరుకు చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. జార్ఖండ్‌కు పట్నా కార్యాలయం, తెలుగు రాష్ట్రాలకు హైదరాబాదు కార్యాలయం. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

చివరిగా

మేనేజ్‌మెంట్ చదువులో నష్టభయాన్ని తగ్గించడం, బదిలీ చేయడం, భరించడం అని మూడు దారులు నేర్పారు. పరీక్షలో బాగానే రాశాను. నా ఇంటి విషయంలో మాత్రం నాలుగోది పాటించాను: దాని గురించి ఆలోచించకపోవడం. మనలో ఎక్కువమందిది ఆ నాలుగో దారే అనుకుంటాను.

మరుసటి ఏడాది వానల ముందు ఆ పెద్దాయన మళ్లీ శాఖకు వచ్చారు, పాలసీ పునరుద్ధరణకు. ఈసారి నేను అడగకముందే మడతపెట్టిన కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టారు. మనవడి చేత రాయించుకొచ్చిన సామాను జాబితా. కుట్టు మిషను నుంచి ఇత్తడి బిందెల దాకా ఉంది, ప్రతిదానికీ ధర వేసి ఉంది. ఇద్దరం కూర్చుని కూడాం. మూడు లక్షల పది వేలు. సామాను కూడా చేర్చి గృహ రక్ష పాలసీ రాశాం. చూసుకోండి బాబాయి గారూ అని పాలసీ చేతికిస్తే, కళ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ పూర్తిగా చదివి, సామాను వరస మీద వేలు పెట్టి చూసుకున్నాకే సంతకం చేశారు.

ఈ పత్రిక పక్కన పెట్టాక మీరు చేయవలసింది ఒక్కటే. మీ ఇంటి పాలసీ తీసి, సామాను వరసలో ఏముందో చూడండి. అక్కడ సున్నా ఉంటే, ఈ ఆదివారం ఒక కాగితం పట్టుకుని గది గదికీ తిరగండి.